తోటలో ఇంటికి లోపలి రంగులు: షేడ్ కార్డులో ఒకటి, గోడ మీద మరొకటి

కొబ్బరాకు (రాజోలు దగ్గర)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పాత పెంకుటిల్లు విప్పించి 2003లో కట్టించిన శ్లాబు ఇంటికి ఇప్పుడు లోపల రంగులు వేయిస్తున్నాం. ఇల్లు తూర్పుముఖం. ముందు అరుగు, దాని వెనుక హాలు, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో అమ్మానాన్నల గది, ఉత్తరం వైపు పిల్లల గది. తూర్పునా ఉత్తరానా కొబ్బరితోట కిటికీలకు పదడుగుల దూరంలోనే మొదలవుతుంది. చెట్ల కింద అరటి, కోకో కూడా ఉండటంతో ఇంట్లోకి నేరుగా ఎండ పడేది తక్కువ.

ఫాల్గుణంలో మా చెల్లెలి పెళ్లి ఉంది. అందుకని కార్తీకంలోనే పని మొదలుపెట్టి ముందు హాలు పూర్తి చేయించాను. షేడ్ కార్డులో ఆ రంగు పావురం రెక్కలా, లేత బూడిద రంగులో ఎంతో హుందాగా కనిపించింది. గోడల నిండా వేసి ఆరిన తరువాత చూస్తే పాకుడు పట్టిన నూతి వరలా ఉంది. ఉదయం కొంత నయం. సాయంత్రం మూడున్నర దాటితే మరీ పచ్చబడుతుంది. రాత్రి లైటు వేస్తే ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టుందని మా ఆవిడ అంటుంది. రంగు కలిపిన దుకాణంవారు యంత్రం పొరపాటు చేయదన్నారు. నేనూ డబ్బా మూత మీద పెట్టిన రంగు చుక్కను కార్డు పక్కన ఉంచి చూశాను, రెండింటికీ తేడా లేదు.

మిగిలిన గదులకు ధైర్యం చాలడం లేదు. నాన్నగారు ఇంటి నిండా తెల్లసున్నం కొట్టించమంటారు. పిల్లలకు నీలం కావాలి. పనిచేస్తున్న మేస్త్రి అన్నిటికీ బిస్కెట్ రంగు వేసేస్తే గొడవే ఉండదంటాడు. పిల్లల గది ఉత్తరపు గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు పాత రంగు బుడగలుగా లేచి తెల్లటి పొడి రాలుతోంది. అక్కడ కొంచెం ముదురు రంగు వేస్తే కనబడదని కూడా ఆయనే సలహా ఇచ్చాడు. అనుభవం ఉన్నవారు ఏ గదికి ఏ రంగు నప్పుతుందో చెప్పగలరని కోరుతున్నాను.

మూడుపూతలు (మండపేట)

నేను ఇరవై ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు చివర చెప్పిన గోడ సంగతి ముందుగా మాట్లాడతాను, ఎందుకంటే అది తేలకుండా రంగు ఎంచుకోవడం తడి కట్టెల ముందు కూర్చుని అగ్గిపుల్లలు లెక్కపెట్టడం లాంటిది.

మన డెల్టా ఊళ్లలో కొన్ని అడుగుల లోతులోనే నీరు ఉంటుంది. దీపపు వత్తి నూనె పీల్చినట్టు ఇటుకలు ఆ నీటిని పైకి పీలుస్తాయి. గోడ ముఖం మీదికి వచ్చాక నీరు ఆవిరైపోతుంది గాని, అందులోని ఉప్పు అక్కడే గడ్డకట్టి లప్పాన్నీ (రంగు కింద వేసే పుట్టీని) రంగునూ లోపలి నుంచి నెట్టేస్తుంది. ఆ ఉప్పు తెల్లగా ఉంటుంది కనుక ముదురు రంగు మీద మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ సలహా ఇచ్చిన మేస్త్రి వచ్చే వర్షాకాలానికి మీ ఇంటి వైపు రాకపోవచ్చు.

ముందు ఆ భాగంలో రంగు, లప్పం పూర్తిగా గీకించండి. పొడిని నీళ్లతో కడగవద్దు. కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే వెళుతుంది. గట్టి బ్రష్షుతో పొడిగానే దులిపించి, రాలినదాన్ని ఇంటికి దూరంగా పారబోయించండి. తరువాత అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగంచులా గాలి చొరకుండా టేపుతో గోడకు అంటించి ఒక రోజంతా ఉంచండి. మరునాడు షీటు లోపలి వైపు చెమట పట్టి ఉంటే గోడ ఇంకా నీరు వదులుతున్నట్టే. అలాగే ఆ గోడకు బయటివైపు మట్టి ఎంత ఎత్తున ఉందో, తోటకు నీరు పెట్టే బోదె గోడకు ఎంత దగ్గరగా పోతుందో చూసి చెప్పండి.

నదిపాయ (నరసాపురం)

మా ఇంట్లోనూ బూడిద రంగు ఇలాగే మోసం చేసింది. ఆరు నెలలు భరించి చివరికి మొత్తం తెలుపు వేయించాం. మీరూ అదే చేయండి.

వెలుగునీడ (భీమవరం)

కొబ్బరాకు గారూ, మీ కార్డులో తప్పు లేదు. దాన్ని మీరు చూసిన దుకాణంలో తోట లేదు, అంతే. నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను కనుక కొంచెం పొడుగ్గా చెబితే మన్నించాలి.

ఆకు తన మీద పడిన వెలుగులో ఎరుపునూ నీలాన్నీ ఎక్కువగా తనలోకి తీసుకుని ఆకుపచ్చను వదిలిపెడుతుంది. మీ హాలు కిటికీల్లోంచి వచ్చే వెలుగులో ఎక్కువ భాగం ఆకాశం నుంచి నేరుగా రాక, కొబ్బరాకు మీదా అరటాకు మీదా పడి తిరిగి వస్తోంది కాబట్టి, మీ గోడ మీద పడేదే పచ్చ వెలుగు. బూడిద రంగుకు తనదంటూ రంగు లేదు, వచ్చిన వెలుగును వచ్చినట్టే కొంత తగ్గించి తిప్పి పంపుతుంది. అందువల్ల అది మీ తోటను గోడ మీద చూపిస్తోంది. సాయంత్రం ఇది ఎక్కువ కావడానికీ కారణం ఉంది. పొద్దు పడమరకు వాలినప్పుడు మీ ఇంటి వెనుక నుంచి వచ్చే ఎండ తూర్పున ఉన్న చెట్ల మీద సూటిగా పడుతుంది, ఆ చెట్లు అద్దంలా దాన్ని హాల్లోకి తిప్పుతాయి. ఉదయం ఆ చెట్లే ఎండకు అడ్డుగా నిలబడతాయి గనుక మీకు కొంత నయంగా కనబడుతోంది.

ఇలాంటి గదికి లేత పసుపు వేసినా నిమ్మకాయ రంగులోకి జారుతుంది. లేత నీలం వేస్తే సముద్రపు పచ్చ అవుతుంది. కొద్దిగా ఎరుపు జీర ఉన్న మీగడ రంగు వేస్తే, ఆ ఎరుపూ బయటి పచ్చా ఒకదానినొకటి తగ్గించుకుని గోడ మామూలు మీగడ రంగులో నిలబడుతుంది. దుకాణంలో అది ఇంటికి వేసే రంగేనా అనిపించేటంత గులాబీగా కనబడవచ్చు, దానికి బెదరకండి.

మనవాళ్లు ఉత్తరపు గదిలోకి ఎండ రాదని అనుకుంటారు. మనం ఉన్నది సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి ఏటవాలుగా ఎండ పడుతుంది. డిసెంబరులో అయితే మధ్యాహ్నం కూడా దక్షిణాన సుమారు యాభై డిగ్రీల ఎత్తుకే వస్తాడు. కార్తీకంలో ఎంచుకున్న రంగును మీరు రోహిణీ కార్తెలోనూ చూడాల్సి ఉంటుంది.

ఆసుపత్రి వరండా మాట రాత్రి దీపానిది. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉన్న ఎల్ఈడీ నీలి తెలుపు వెలుగునిస్తుంది. 3000 కెల్విన్ అని ఉన్నది పాత బల్బు లాంటి పసుపు వెలుగునిస్తుంది. రంగు మార్చకముందే ఒక బల్బు మార్చి చూడండి, ఖర్చు స్వల్పం. మీ ఇంట్లో నేల ఏమిటో కూడా చెప్పండి.

మండువాలోగిలి (అమలాపురం)

వెలుగునీడ గారి మాటకు మా ఇంటి అనుభవం ఒకటి చేరుస్తాను. నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తవారిది మండువా లోగిలి. చుట్టూ తోట ఎంత దట్టంగా ఉండేదంటే పగలు పదకొండింటికి కూడా వెనుక గదిలో బియ్యం ఏరడానికి దీపం పెట్టుకునేవాళ్లం. గోడలకు ఏటా సంక్రాంతి ముందు సున్నం కొట్టించేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో తోటలో చెట్లు చాలావరకు నేలకొరిగాయి. తరువాత వారం రోజులకు ఇల్లు సర్దుకుని చూసుకుంటే గోడలు మాకు కొత్తగా కనిపించాయి. అంతవరకు మేము లేతాకుపచ్చ అనుకున్న సావిడి గోడలు నిజానికి తెలుపే. మా మామగారు గోడను చేత్తో తడిమి చూసిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్లో రంగుల పేర్లు కార్డుల్లో ఉండేవి కావు. సున్నపురాయిని తొట్టిలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, తెలుపు మెరవడానికి బట్టలకు పెట్టే నీలిమందు చిటికెడు కలిపేవారు. వెనుక గదులకు, నీళ్ల గదికి మైలతుత్తం కలిపిన సున్నం వేసేవారు. అది లేత నీలిపచ్చగా ఉండేది, బూజు పట్టనిచ్చేది కాదు. ముందు గదులకు గోపి రంగు, అంటే లేత పసుపు. గోడ అడుగున రెండడుగుల ఎత్తు జాజు పట్టీ. ఆ పట్టీని ఇప్పుడు అలంకారం అనుకుంటున్నారు గాని, వానాకాలం కాళ్ల బురదా, అలికిన పేడనీళ్ల చిందులూ కనబడకుండా ఉండటానికే దాన్ని పెట్టేవారు.

బాబూ, నా సలహా ఏమంటే, మీ నాన్నగారు తెల్లసున్నం అడుగుతున్నది తెలుపు కోసమేనా, సున్నం కోసమా అని ఒకసారి ఆయననే అడగండి. రెండూ వేరు. మీ హాలుకు మాత్రం ఉల్లిపొర రంగు సరిపోతుందని నాకు అనిపిస్తుంది. ఎర్ర ఉల్లిపాయ మీది పొర కాదు, దాని కింద రెండో పొర.

కొబ్బరాకు

అందరికీ ధన్యవాదాలు. మూడుపూతలు గారు చెప్పినట్టే షీటు అంటించాను. మరునాటి ఉదయానికి లోపలి వైపు ముత్యాల్లా నీటిబొట్లు పట్టాయి. బయట చూస్తే, ఏటా తోటలో వేసిన మట్టి, కొబ్బరి పీచు పేరుకుని ఇంటి పునాది మట్టం కంటే జానెడు ఎత్తున గోడకు ఆనుకుని ఉంది. బోదె మూడడుగుల దూరంలో ఉంది. ఇరవై ఏళ్లుగా రోజూ ఆ పక్కనుంచే నడుస్తున్నా గమనించనందుకు సిగ్గుగా ఉంది.

మండువాలోగిలి గారూ, నాన్నగారిని అడిగాను. ఆయన కొంతసేపు ఆలోచించి, సున్నం కొట్టిన మరునాడు ఇంట్లో ఉండే వాసన ఈ రంగులకు ఉండదని అన్నారు. అమ్మానాన్నల గదికి, ఉత్తరపు గోడకు నిజంగా సున్నమే వేయవచ్చునా? నేల విషయానికి వస్తే హాల్లో మీగడ రంగు టైల్సు, అమ్మానాన్నల గదిలో నాన్నగారు కావాలని పోయించుకున్న ఎర్ర గచ్చు ఉన్నాయి.

మూడుపూతలు

మట్టి తీయించి పునాది మట్టానికి కనీసం ఆరంగుళాలు కిందికి దించండి, బోదెను అవతలి వరుసకు మళ్లించండి. ఆ తరువాత గోడను గీకి వదిలేసి, కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి ఆరనివ్వండి. అక్టోబరు, నవంబరు వానలు తాగిన గోడ డిసెంబరులో ఆరదు. మన ప్రాంతంలో సంక్రాంతికి ఇల్లు మెరవాలని అందరూ అదే నెలలో మమ్మల్ని పిలుస్తారు, మేమూ కాదనలేక తడి గోడల మీదే వేస్తాం, ఉగాదికి బుడగలు వస్తాయి. మీ పెళ్లి ఫాల్గుణంలో గనుక మాఘమాసం దాకా ఆ గోడను ముట్టుకోకండి. మళ్లీ షీటు పరీక్ష చేసి, పొడిగా ఉంటేనే ముందుకు వెళ్లండి.

కొందరు లోపలి వైపు నీరు చొరని పూత పూయమంటారు. కింది నుంచి నీరు వస్తున్న గోడకు అలా చేస్తే మోకాలి ఎత్తున ఆగే చెమ్మ నడుం ఎత్తుకు చేరుతుంది. దారి మూసేస్తే నీరు ఆగదు, ఇంకో దారి వెతుక్కుంటుంది.

సున్నం గురించి అడిగారు. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిగా మారుతుంది, గోడ లోపలి చెమ్మను బయటికి పోనిస్తుంది. నిమ్ము గోడకు అది మంచిదే. అయితే ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ రంగు) ఉన్న గోడ మీద సున్నం పట్టదు, అరచేత్తో రాస్తే ఊడి వస్తుంది. కాబట్టి రంగూ లప్పమూ తీసేసి సిమెంటు ప్లాస్టరు కనబడేదాకా గీకిన చోటే సున్నం వేయాలి. ఉత్తరపు గోడ ఎలాగూ గీకిస్తున్నారు కనుక దానికి వేయవచ్చు. అమ్మానాన్నల గది గోడలు బాగుంటే అంత శ్రమ అనవసరం.

పని చేయించేవారు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక కొంచెం ముదురుతుంది. సున్నం అందుకు విరుద్ధం. వేసినప్పుడు నీళ్లలా పారదర్శకంగా ఉండి, మరునాటికి తెల్లబడుతుంది. రంగు కలిపిన సున్నమైతే తడిలో గాఢంగా ఉన్నది ఆరాక సగానికి పాలిపోతుంది. తడి గోడను చూసి పని ఆపించేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఈశాన్యం (కొత్తపేట)

చర్చలో వాస్తు ప్రసక్తి రాలేదు కనుక అడుగుతున్నాను. నైరుతి గదికి మట్టి రంగులు, ఆగ్నేయానికి నారింజ, ఈశాన్యానికి తెలుపు లేదా లేత నీలం ఉండాలని మా ఇంట్లో పెద్దలు పట్టుపట్టారు. ఇంట్లో నారింజ రంగు వంటిల్లు మాకు తలనొప్పిగా తయారైంది.

మండువాలోగిలి

పట్టింపు ఉన్నవారు ఆ రంగును లేతగా తీసుకుంటే సరిపోతుందండి. నారింజ అన్నంత మాత్రాన బత్తాయి తొనలా ఉండాలని ఎవరూ చెప్పలేదు. కనకాంబరాన్ని పాలల్లో కలిపినంత చాలు. నైరుతికి మట్టి రంగు అన్నది ఎర్ర గచ్చు ఉన్న గదికి ఎలాగూ నప్పుతుంది.

గౌతమితీరం (యానాం)

నేను అందరితో ఏకీభవించలేకపోతున్నాను. వెలుగు తక్కువగా ఉన్న గదికి లేత రంగు వేయాలన్నది అలవాటుగా చెప్పే మాట. తెలుపు అందంగా కనబడాలంటే దాని మీద పడటానికి వెలుగు ఉండాలి. వెలుగు లేని మూల తెలుపు మాసిన పంచెలా కనబడుతుంది. మా ఇంట్లో చుట్టూ చెట్లున్న ఒక గదికి నేను చింతగింజ రంగు వేయించాను. రాత్రి చదువుకోవడానికి అంత ప్రశాంతమైన గది మరొకటి లేదు. చీకటిని దాచలేనప్పుడు దానితో స్నేహం చేయడమే మేలు.

వెలుగునీడ

గౌతమితీరం గారి మాటలో సగం నేను ఒప్పుకుంటాను. వెలుగు లేనిచోట శుద్ధమైన తెలుపు బూడిదగా కనబడటం నిజమే, నదిపాయ గారి ‘మొత్తం తెలుపు’ సలహాకు నా అభ్యంతరం కూడా అదే. అయితే చింతగింజ రంగు గదిలో మీరు రాత్రి చదువుకుంటారు, పిల్లలు పగలు చదువుకోవాలి. కంపెనీలు కొన్ని తమ షేడ్లకు ఎల్.ఆర్.వి. అనే అంకె ఇస్తాయి. గోడ మీద పడిన వెలుగులో ఎంత తిరిగి వస్తుందో సున్నా నుంచి వంద వరకు కొలిచే లెక్క అది. 80 దాటిన మీగడ రంగు గోడకూ, 10 దగ్గర ఉండే చింతగింజ రంగు గోడకూ తేడా ఎంతంటే, మొదటి గదిలో ఒక దీపం చాలినచోట రెండో గదికి అది చాలదు. పగలు కూడా దీపాలు వేసుకునే ఇంట్లో ఆ లెక్క కరెంటు బిల్లులో తేలుతుంది. తోట నీడలోని గదులకు నేను 60కీ 75కీ మధ్య ఉన్నవి చూస్తాను, పైకప్పుకు మాత్రం తెలుపు వదలను.

గౌతమితీరం

కరెంటు బిల్లు మాట నిజమే. మా గదికి ఒక్క గోడే ముదురు, మిగిలినవి తేగ రంగు. అది ముందే చెప్పి ఉండాల్సింది.

పెరటిజామ (పాలకొల్లు)

అమ్మానాన్నల గది గురించి ఎవరూ విడిగా మాట్లాడలేదు. మా అమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. రెండేళ్ల క్రితం ఆవిడ గదికి గోడలు, తలుపులు, ద్వారబంధాలు అన్నీ ఒకే మీగడ రంగులో, స్విచ్ బోర్డులు కూడా తెల్లవి పెట్టించి, ఎంతో శుభ్రంగా ఉందని మురిసిపోయాం. రాత్రి స్నానాలగదికి లేచినప్పుడు ఆవిడ స్విచ్ కోసం గోడంతా తడుముకుంటున్నారని మాకు మూడు నెలలకు గాని తెలియలేదు. కంటి వైద్యులు చెప్పిన ప్రకారం వయసుతో కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది, లోపలికి చేరే వెలుగు తగ్గుతుంది. అప్పుడు నీలం, ఆకుపచ్చ ఛాయల మధ్య తేడా సరిగా తెలియదు, ముదురు నీలం నలుపులా కనబడవచ్చు. కాబట్టి వాళ్ల గదిలో ఏ రంగు అన్నదాని కంటే, దేని పక్కన ఏది ఉన్నదన్నది ముఖ్యం. మేము ద్వారబంధాలకు ఇటుక రంగు వేయించి, స్విచ్ బోర్డుల చుట్టూ రెండంగుళాల పట్టీ అదే రంగులో వేయించాం. గోడకు మెరుపు లేని మ్యాట్ వేయండి, మెరిసేదైతే కిటికీ వెలుగు గోడ మీద పడి వాళ్ల కళ్లకు గుచ్చుకుంటుంది.

మీ అమ్మానాన్నల గదిలో ఎర్ర గచ్చు ఉంది కనుక నేల మీది ఎరుపు గోడ కింది భాగానికి అంటుతుంది. అక్కడ ఉల్లిపొర వేస్తే మరీ గులాబీ అయిపోతుంది. గంధం రంగు ఆలోచించండి.

వంటింట్లో మాత్రం మ్యాట్ వద్దు. చేపలు వేయించిన నూనె ఆవిరి గోడకు పట్టాక తుడిస్తే మ్యాట్ గోడ మీద మచ్చ మిగులుతుంది. పొయ్యి చుట్టూ టైల్సు ఎంత ఎత్తు వరకు ఉన్నా, వాటి పైన కడగడానికి వీలైన మెరుపు రకమే వేయించుకోవాలి. రంగు ఏదైనా ఫర్వాలేదు, పసుపు మరక పడితే తెలియనిది అయితే ఇంకా మంచిది.

మూడుపూతలు

పెరటిజామ గారు ద్వారబంధాల మాట ఎత్తారు గనుక ఒక హెచ్చరిక. 2003 నాటి తలుపులు, కిటికీ కమ్ముల మీది ఎనామిల్ రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. పాత ఎనామిల్‌ను పొడిగా ఉప్పుకాగితంతో రుద్దకండి. నీళ్లు చల్లి తడిపి రుద్దించి, ఆ మడ్డిని ఒక గోనెలో ఎత్తించండి. ఆ రెండు రోజులు పిల్లలను అటు రానివ్వకండి. ముక్కుకు గుడ్డ కట్టుకోమని పనివాళ్లకూ చెప్పండి, మేము చెప్పినా వినం.

కొబ్బరాకు

మూడు వారాల తరువాత వస్తున్నాను. ఈసారి గోడ మీద నేరుగా వేయించకుండా, రెండడుగుల చదరపు అట్టలు ఎనిమిది తెచ్చి, తెల్ల ప్రైమర్ కొట్టి, ఒక్కో రంగు రెండు పూతలు వేశాను. అంచున రెండంగుళాలు తెల్లగా వదలమని వెలుగునీడ గారు విడిగా రాసిన సందేశంలో చెప్పారు, పాత బూడిద గోడ పక్కనే ఉంటే కొత్త రంగు సరిగా తెలియదట. ఆ అట్టలను ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి, రాత్రి రెండు రకాల దీపాల కింద, కిటికీ ఉన్న గోడకూ కిటికీకి ఎదురు గోడకూ మార్చి మార్చి ఆనించి చూశాం. ఒకే అట్ట కిటికీ పక్కన ఒక రంగు, ఎదురు గోడకు ఇంకో రంగు.

హాల్లో గోపి రంగు సాయంత్రానికి నిజంగానే నిమ్మపచ్చ అయింది. ఉల్లిపొర అట్టను దుకాణంలో చూసి మా ఆవిడ ఇది పెళ్లిపందిరికా అని అడిగింది. హాల్లో పెట్టాక ఆవిడే దాన్ని తీయనివ్వలేదు. అయితే అట్ట మీద ఉన్నదాని కంటే గోడల నిండా వేస్తే గాఢంగా కనబడుతుందని ఇప్పుడు తెలిసింది కనుక, కార్డులో దానికి ఒక మెట్టు పైనున్న లేత ఛాయ తీసుకుంటున్నాం. దీపాలు 3000 కెల్విన్‌వి పెట్టించాను. ఆశ్చర్యమేమిటంటే ఆ దీపాల కింద పాత బూడిద రంగు కూడా రాత్రి బాగానే ఉంది. పగలే దానితో చిక్కు.

అమ్మానాన్నల గదికి గంధం, ద్వారబంధాలకు ఇటుక రంగు. స్విచ్ బోర్డుల చుట్టూ పట్టీ వేస్తానంటే నాన్నగారు తమకింకా చూపు బాగానే ఉందని కోప్పడ్డారు, అమ్మ మాత్రం వేయమంది. వంటింటికి మీగడ రంగు, మెరుపు రకం. పిల్లల గది విషయంలోనే ఎక్కువ తర్జనభర్జన జరిగింది. వాళ్లు అడిగిన నీలం అట్ట ఆ గదిలో పచ్చగా మారింది. కొంచెం వంగపండు జీర కలిసిన నీలం ఒకటి ప్రయత్నిస్తే అక్కడ మామూలు నీలంగా నిలబడింది. దాన్ని దక్షిణపు గోడ ఒక్కదానికే వేసి, తూర్పు పడమర గోడలకు తేగ రంగు, ఉత్తరపు గోడకు సున్నం అనుకుంటున్నాం. సున్నంలో బట్టల నీలిమందు కలిపితే పిల్లలకు సమాధానం చెప్పినట్టూ ఉంటుంది. అది సున్నంలో నిలుస్తుందా? హాలుకు ఎంత రంగు కొనాలో కూడా చెప్పండి. పదహారు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు. నాలుగడుగుల సింహద్వారం ఒకటి, మూడడుగుల తలుపులు మూడు, నాలుగడుగుల చదరపు కిటికీలు మూడు ఉన్నాయి.

వెలుగునీడ

బట్టలకు వాడే నీలిమందు పొడి అల్ట్రామెరైన్ అయితే సున్నపు క్షారాన్ని తట్టుకుంటుంది, నిలుస్తుంది. ప్రష్యన్ బ్లూ అనే మరో నీలం సున్నంలో చెడి గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక రంగుల దుకాణంలో ఏదో ఒక నీలం పొడి అని కొనవద్దు. ఏది కొన్నా ఒక గిన్నెడు సున్నంలో కలిపి ఇటుక మీద పూసి రెండు రోజులు చూసుకోండి.

మూడుపూతలు

మీ హాలు చుట్టుకొలత యాభై ఆరు అడుగులు, ఎత్తు పది, అంటే 560 చదరపు అడుగులు. తలుపులన్నీ ఏడడుగుల ఎత్తు అనుకుంటే తలుపులకు 91, కిటికీలకు 48 తీసేస్తే 421 మిగులుతుంది. డబ్బాల మీద ఎక్కువ రాస్తారు గాని, రెండు పూతలకు లీటరుకు నూరు చదరపు అడుగులని నేను లెక్క వేసుకుంటాను. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి తీసుకోండి, చివర కొంచెం మిగలడం మంచిది. రెండూ ఒకే రోజు ఒకే చోట కలిపించి, ఇంటికి తెచ్చాక ఒక పెద్ద బకెట్టులో పోసి కలియబెట్టి వాడించండి. విడివిడిగా వాడితే గోడ మధ్యలో డబ్బా మారిన చోట గీత కనబడుతుంది. బూడిద రంగు మీద లేత రంగు కనుక ముందు ఒక ప్రైమర్ పూత వేయించండి, లేదంటే మూడో పూత దాకా పోతుంది. ఉత్తరపు గోడ షీటు ఎలా ఉంది?

కొబ్బరాకు

మొన్న మళ్లీ అంటించాను. మధ్యలో పొడిగానే ఉంది, కింది అంచున మాత్రం కొద్దిగా మంచు పట్టినట్టుంది. మట్టి తీయించి పద్దెనిమిది రోజులైంది. మీరు చెప్పినట్టు మాఘం దాకా ఆ గోడను అలాగే వదిలేస్తాను. పిల్లలు దాని మీద సుద్దముక్కతో ముగ్గులు వేసుకుంటున్నారు. హాలు రంగు కోడ్, కలిపిన తేదీ, ఎన్ని లీటర్లో రాసిన కాగితాన్ని మీటరు పెట్టె తలుపుకు లోపలి వైపు అంటించాను. సున్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కునే పని నాన్నగారు తనమీద వేసుకున్నారు.